దక్కను రాళ్ళలో ప్రక్కమెడ తాబేళ్ళు

తాబేలనగానే మనకు ముందుగా తోచునది దాని నిదానము. ఆ పిదప దాని ముడుచుకొను స్వభావము. కుందేటితో అది వేసిన పందెము కథ పసిపిల్లలకు గూడ తెలియును. ఇంద్రియములను విషయములనుండి మరల్చుకొను జ్ఞానిని, అవయవములను లోనికి తీసికొను కూర్మముతో గీతాచార్యుడు పోల్చినాడు. శ్రీకాకుళము చెంతనున్న శ్రీకూర్మములో ఆ రూపమునకే నిత్యపూజ జరుగుచున్నది. ఇన్ని విధముల మనకు పరిచితమైన ఈ జంతువును గురించి ఒక చిన్న ప్రశ్న మాత్రము మనము సాధారణముగా వేసికొనము. తాబేటి తల లోనికి ఎట్లు పోవును?

మన చెరువు తాబేలు బెదరినప్పుడు దాని మెడ పైకిని క్రిందికిని వంపు తిరిగి, తల తిన్నగా వెనుకకు, రెండు భుజముల నడుమకు జారిపోవును. ముందునుండి చూచువారికి ముక్కు కొన మాత్రమే కనిపించును. నేడు భారతదేశములో సహజముగా జీవించుచున్న తాబేళ్ళన్నియు ఈ తెగవే. సముద్రపు తాబేళ్ళు తలను పూర్తిగా దాచుకొనలేవు గాని, వాటి మెడ యెముకల కూర్పును ఈ విధముననే యుండును. వీనిని మనము గుప్తగ్రీవములని పిలుచుకొనవచ్చును.

రెండవ తెగ ఒకటి యున్నది. దాని మెడ నిలువుగా మడతపడదు, అడ్డముగా మడతపడును. ఆపద వచ్చినప్పుడు అది తలను ఒక ప్రక్కకు త్రిప్పి, పైపెంకు అంచు క్రింద, ముందరి కాలి ప్రక్కన ఒదిగించుకొనును. చలికి తలను రెక్క క్రింద దూర్చుకొను పక్షి మీకు జ్ఞాపకము రావచ్చును. మెడ యొక ప్రక్క ఎప్పుడును కొంత బయటికి కనిపించుచునే యుండును. ఆస్ట్రేలియాలో ఈ తెగకు చెందిన కొన్నింటికి మెడ పామువలె సాగియుండి, ఇంచుమించు పెంకంత పొడవుండును. అంతటి మెడను వెనుకకు లాగుకొనుటకు చోటెక్కడిది? ఈ రెండవ తెగవానిని పార్శ్వగ్రీవములనవచ్చును. ఈ రెండు పేర్లును నా సౌకర్యము కొరకు నేను పెట్టుకొన్నవి. వినువారికి బరువనిపించినచో ప్రక్కమెడ తాబేళ్ళనుడు. అర్థమునకు లోటు రాదు.

ప్రపంచములో నేడున్న తాబేటి జాతులు సుమారు 350. అందులో ఇంచుమించు నాలుగవ వంతు ప్రక్కమెడవి. అవి అన్నియు మంచినీటి జంతువులే. దక్షిణ అమెరికా, ఆఫ్రికా, మడగాస్కరు, ఆస్ట్రేలియా, న్యూగినీ వాటి ముఖ్య నివాసములు. ఈ పేర్లను వరుసగా చదివినచో భూగోళపు దక్షిణార్ధమంతయు చుట్టివచ్చినట్లుండును. ఆ చుట్టులో భారతదేశము లేదు. కాని ఒకప్పుడు ఉండెను. దాని సాక్ష్యము మన దక్కను పీఠభూమి రాళ్ళలోనే, మనకు దూరము గాని చోట్లనే యున్నది.

హైదరాబాదు నగరములో మాత్రము దానిని వెదకుట వ్యర్థము. అంబరుపేట, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోకనగరుల ఇండ్ల పునాదులు ఆనుకొన్న రాయి గ్రానైటు. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. అది భూగర్భములో కరిగి గట్టిపడిన రాయి. పైగా అది యేర్పడిన కాలమునకు ఎముక గల ప్రాణియే లోకములో పుట్టలేదు. కాబట్టి బావి త్రవ్వినను, బండ పగులగొట్టినను అందులో శిలాజము దొరకదు. అంబరుపేట ప్రక్కగా పోవు మూసీనది వెంట ఎగువకు, పడమటి దిక్కునకు పోయినచో కథ మారును. మూసీ పుట్టినది వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో. అక్కడ గ్రానైటు అడుగున పడి, దానిపై నల్లరాయి, ఆ నల్లరాయి శిథిలమై యేర్పడిన ఎఱ్ఱని మొరమురాయి కనిపించును. ఆ నల్లరాయి ఒకప్పటి లావా. అచ్చటినుండి బొంబాయి సముద్రతీరము వరకు, ఉత్తరమున మాళవము వరకు పరచుకొన్న ఈ లావా దుప్పటికి దక్కను ట్రాపులని పేరు. నేడు మిగిలియున్నది సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. పడమటి కనుమలలో దాని మందము రెండు కిలోమీటర్లకు మించును. తూర్పున రాజమహేంద్రవరము దగ్గర కాతేరు, గౌరీపట్నము గనులలో త్రవ్వు నల్లరాయియు ఈ లావాకు సంబంధించినదే.

ఈ లావా సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట వెలువడినది. ఒక్కుమ్మడిగా వచ్చినది కాదు. ఒక ప్రవాహము వచ్చి చల్లారును. వేల సంవత్సరములు ఊరకుండును. ఆ మీద మరియొక ప్రవాహము వచ్చును. నడుమనున్న ఆ విరామములలో పల్లపు చోట్ల వాననీరు నిలిచి చెరువులేర్పడెను. చెరువుల చుట్టు చెట్లు మొలచెను. కప్పలు, చేపలు, తాబేళ్ళు, మొసళ్ళు చేరెను. అడుగున బురద పేరుకొనెను. తరువాతి లావా వచ్చి ఆ చెరువును మూతపెట్టెను. రెండు నల్లరాతి అరల నడుమ చిక్కిన ఆ పలుచని మట్టిపొరలే మన ఖజానాలు. వికారాబాదు ప్రాంతములోని నస్కల్ గ్రామము దగ్గర ఇట్టి పొర యొకటి యున్నది. క్రెటేషియస్ యుగమునాటి స్తన్యజంతువు భారతదేశములో మొట్టమొదట దొరికినది అక్కడనే. ఎలుకంత కూడ లేని ఆ ప్రాణి పండ్లను జి. వి. ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని అను శాస్త్రజ్ఞులు 1988లో లోకమునకు వెల్లడించి, దానికి దక్కనోలెస్టెస్ అని పేరిడినారు. చెరువు బురదను జల్లెడపట్టి, సూక్ష్మదర్శినిలో గింజ గింజ యేరి సాధించిన ఫలితమది.

తాబేటి విషయములో తొలి యడుగు పడినది ఈ నల్లరాతి దుప్పటికి పడమటి అంచున, బొంబాయిలో. అక్కడ వర్లి గుట్టలో లావాల నడుమనున్న పొర నుండి చిన్న కప్పల అస్థిపంజరములు పూర్వమే దొరికినవి. అదే పొరలో డాక్టరు లీతు అను వైద్యుడు తాబేటి శిలాజములను కనుగొనెను. హెన్రీ జాన్ కార్టరు అను మరియొక వైద్యుడు 1852లో బొంబాయి ద్వీపపు భూగర్భమును గురించి వ్రాయుచు దానిని వర్ణించి, కనుగొన్నవాని పేర 'టెస్ట్యూడో లీతియై' అని నామకరణము చేసెను. ఈ లీతు పేరు తాబేళ్ళను విడువలేదు. ఈజిప్టులోని చిన్న మెట్టతాబేటికి 1869లో గుంథరు అను పండితుడు తెలియక అదే పేరు పెట్టెను. ఒకే పేరు ఇద్దరికి చెల్లదు గనుక, బొంబాయి శిలాజము ముందు పుట్టినదన్న కారణమున, బ్రతికియున్న ఆ ఈజిప్టు తాబేలే పేరు మార్చుకొనవలసివచ్చెను. ఏడుకోట్ల సంవత్సరముల నాటి ముసలిది నేటిదానిని వ్యాజ్యములో ఓడించుట వింత గాదా! కృష్ణా గోదావరులలో నేటికిని ఈదుచున్న ఒక మెత్తపెంకు తాబేటికి గూడ ఆ వైద్యుని పేరే యున్నది.

బ్రిటిషు మ్యూజియములోని జాన్ ఎడ్వర్డు గ్రే ఈ శిలాజమును పరిశీలించి, 1871లో దీనిని హైడ్రాస్పిస్ అను ప్రజాతిలో చేర్చెను. ఇది ప్రక్కమెడ తాబేలని గుర్తించుట గొప్ప విషయమే. కాని హైడ్రాస్పిస్ కుటుంబపు తాబేళ్ళు దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, న్యూగినీ ప్రాంతములలో తప్ప మరెక్కడను లేవు. బ్రెజిలు చుట్టము బొంబాయిలో ఏమి చేయుచుండెను? చిక్కు ఇక్కడ వచ్చినది. జంతువునకు పెట్టు పేరు కేవలము పేరు గాదు. అది యెక్కడినుండి వచ్చినదో, ఏ దారిని వచ్చినదో చెప్పు సాక్ష్యము. పేరు తప్పినచో భూగోళచరిత్రయే దారితప్పును. ఎనుబది సంవత్సరములకు పైగా ఆ చిక్కు అట్లే నిలిచెను. 1953లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎర్నెస్టు విలియమ్సు దీనిని విప్పెను. బొంబాయి తాబేలు దక్షిణ అమెరికా-ఆస్ట్రేలియా కుటుంబమునకు చెందదనియు, ఆఫ్రికా, మడగాస్కరుల వైపు చుట్టరికము గల మరియొక కుటుంబమునకు చెందుననియు ఆయన నిర్ణయించెను. అది 'కార్టెరెమిస్' అను పేరుతో స్వతంత్ర ప్రజాతి యైనది. కార్టరునకు గౌరవమును దక్కినది, లీతు పేరును జాతినామముగా నిలిచినది.

శిలాజములో మాంసము లేదు, చాల తరచుగా మెడయు లేదు. మరి మెడ యే వైపునకు మడతపడెనో ఎట్లు తెలియును? శ్రోతలకు ఈ సందేహము కలుగుట సహజము. జవాబు తుంటి యెముకలో నున్నది. మన చెరువు తాబేళ్ళలో తుంటి యెముక కండరములతోను, నరముల పట్టుతోను పెంకులో కూర్చబడి కొంత కదలును. ప్రక్కమెడ తాబేళ్ళలో అది పైపెంకునకును అడుగుపెంకునకును అతుకుకొని, ఇంటి స్తంభమువలె నిలిచియుండును. కావున మెడ లేకున్నను, అడుగుపెంకు ముక్కపై ఆ స్తంభము అతికిన మచ్చ కనిపించినచో చాలును, తెగ తెలిసిపోవును. పుర్రె దొరికినచో మరియొక గుర్తున్నది. తాబేటి దవడను మూయు పెద్ద కండరము తిన్నగా పోవుటకు వీలులేదు. చెవి గూడు అడ్డము వచ్చును. అందుచే అది బావి గిలకపైని తాడువలె ఒక యెముకపై మలుపు తిరిగి పోవును. గుప్తగ్రీవములలో ఆ గిలక చెవి గూటి మీదనే యున్నది. పార్శ్వగ్రీవములలో చెవి గూటికి ముందు, అంగిటి యెముకనుండి ప్రక్కకు పొడుచుకొని వచ్చిన కొమ్ము గిలకగా పనిచేయును. ఒకే పనికి రెండు తెగలు రెండు ఉపాయములు కనుగొన్నవి. ఈ భేదమును ఆధారము చేసికొని తాబేళ్ళ వంశవృక్షమును 1975లో క్రొత్తగా వ్రాసినవాడు న్యూయార్కులోని అమెరికను ప్రకృతిచరిత్ర మ్యూజియమునకు చెందిన యూజీన్ గాఫ్నీ.

ఆ గాఫ్నీయే కలకత్తాలోని భారతీయ గణాంకశాస్త్ర సంస్థ సేకరించిన ఎముకలను శంకర్ ఛటర్జీ, ధీరజ్ రుద్ర అను వారితో కలిసి పరిశీలించి, 2001లో ఒక క్రొత్త ప్రజాతిని ప్రకటించెను. దాని పేరు 'కూర్మాడెమిస్ కల్లమేడెన్సిస్'. మన కూర్మ శబ్దము అందులో వినిపించుచునే యున్నది. చివరనున్న 'ఎమిస్' గ్రీకుభాషలో నీటితాబేలు. తమిళనాడులో అరియలూరు ప్రాంతమునందలి కల్లమేడు దాని జన్మస్థానము. అక్కడి రాళ్ళు నది తెచ్చి పరచిన ఇసుక, బంకమన్ను. వయస్సు సుమారు 7 కోట్ల సంవత్సరములు. బొంబాయి తాబేటికి కొరవడిన భాగ్యము దీనికి పట్టినది: మంచి పుర్రెలు దొరికినవి. గిలక కొమ్ముతో సహా తల నిర్మాణమంతయు చదువగలిగినారు.

కల్లమేడు పేరు చెప్పినప్పుడు ఒక విచారకరమైన సంగతి గూడ చెప్పవలసియున్నది. యాదగిరి, అయ్యస్వామి అను భూగర్భశాస్త్రజ్ఞులు అక్కడనే అతి పెద్ద డైనోసారు ఎముకలు చూచి 1987లో దానికి బృహత్కాయోసారస్ అని పేరుపెట్టిరి. ఆ మహాకాయుని ఎముకలు తడికి, గాలికి పొడియై నేడు లేవు. మిగిలినవి వర్ణనలును, కొన్ని చిత్రములును. అరచేతిలో ఇముడు తాబేటి పుర్రె నిలిచినది. ఏనుగులను మించిన ఎముక నిలువలేదు. త్రవ్వినవెంటనే పూత పూసి, కట్టుకట్టి భద్రపరచుట ఎంత ముఖ్యమో దీనివలన తెలియును.

కూర్మాడెమిస్‌కు తరువాత ఇద్దరు దగ్గరి చుట్టములు బయటపడినారు. బొంబాయి పొరలనుండి 'సంకుచెమిస్' 2003లో వర్ణింపబడినది. 'కింకోనికెలిస్' అనునది 2009లో. ఈ మూడవది దొరికినది హిందూమహాసముద్రమునకు ఆవలి యొడ్డున, మడగాస్కరులో! ఈ మూడింటి పుర్రెలును ఎంత సన్నిహితముగా నున్నవనగా, శాస్త్రజ్ఞులు వీనినన్నిటిని కూర్మాడెమిస్ పేరనే ఒక శాఖగా కూర్చినారు. చిన్న నీటిప్రాణి, రెండు దేశములు, నడుమ వేల కిలోమీటర్ల ఉప్పునీరు.

తాబేలు ఈదదా, ఈదుకొని పోయియుండరాదా యని ఎవరైన అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. కూర్మాడెమిస్ చేరిన పెద్ద కుటుంబములో కొన్ని ఉప్పునీటికి ఓర్చినవే. అందుచేతనే ఆ కుటుంబపు శిలాజములు ఐరోపాలోను, ఉత్తర అమెరికాలోను గూడ దొరకుచున్నవి. కనుక ఒక్క తాబేటి సాక్ష్యముతో తీర్పు చెప్పుట న్యాయము గాదు. కాని ఈ సాక్షి ఒంటరి గాదు. మడగాస్కరులోని మజుంగసారస్, నర్మదాతీరమునందలి రాజసారస్ ఒకే వంశపు మాంసాహార డైనోసారులు. అవి సముద్రము ఈదినవని ఎవరును అనరు. రెండు దేశములలోను ఒకే విధమైన వింతపండ్ల స్తన్యజంతువులు గూడ దొరికినవి. ఇన్నియు ఒకే మాట చెప్పుచున్నప్పుడు తాబేటి మాటను గూడ నమ్మవచ్చునని నా అభిప్రాయము. కదలినవి జంతువులు గావు, నేలలు.

భారతదేశము, ఆఫ్రికా, మడగాస్కరు, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకప్పుడు కలిసియుండిన మహాఖండమునకు గోండ్వానా యని పేరు. మన ఆదిలాబాదు అడవులలో నివసించు గోండుల సీమ పేరే అది. ఆ సీమలోని రాళ్ళకు మొదట పెట్టిన పేరు కాలక్రమమున సగము భూగోళమునకు చెల్లినది. ఆ మహాఖండము ముక్కలైనప్పుడు భారతదేశము మడగాస్కరుతో జంటగా విడివడెను. సుమారు 8 కోట్ల 80 లక్షల సంవత్సరముల క్రిందట ఆ జంటయు విడిపోయెను. పిమ్మట భారతదేశము ఉత్తరదిక్కునకు ప్రయాణము సాగించెను. లావా పొంగిన కాలమున దాని వేగము సంవత్సరమునకు సుమారు 15 సెంటీమీటర్లు, అనగా మన తలవెండ్రుక పెరుగు వేగము. భూఖండమునకు అది పరుగే. కల్లమేటి తాబేలు బ్రతికిననాటికి మనదేశము నాలుగు వైపుల సముద్రము గల ద్వీపము. మడగాస్కరును విడిచి దాదాపు రెండుకోట్ల సంవత్సరములు గడచినవి. అయినను పుర్రెలోని పోలిక చెదరలేదు. తాబేటికి తొందర లేదు గదా!

తెలంగాణపు సరిహద్దునకు ఆవల, చంద్రపురము జిల్లాలోని పిస్దూరా మరియొక ముఖ్యస్థానము. డైనోసారుల పేడ రాయిగా మారి అక్కడి చేలలో దొరకును. ఆ పేడలో గడ్డిజాతి మొక్కల గుర్తులున్నవని 2005లో తేలినప్పుడు ప్రపంచమంతయు ఆశ్చర్యపడినది. అక్కడి తాబేటిని సోహన్‌లాల్ జైన్ 1977లో వర్ణించి, కార్టెరెమిస్ ప్రజాతిలో చేర్చెను. తరువాత అది బర్మా తాబేళ్ళ ప్రజాతికి మారినది. చివరకు 2020లో వాల్టర్ జాయిస్, సస్వతీ బంద్యోపాధ్యాయ అను వారు పాత నమూనాలను మరల పరిశీలించి, ఇది ఎవరి యింటిదియు గాదు, స్వంత యిల్లు గలదియే యని తేల్చి, జైన్ పేర 'జైనెమిస్' అనినారు.

ఆదిలాబాదు ప్రాంతపు కోటా రాళ్ళు వీనికంటె చాల పాతవి. నౌబత్‌పహాడ్ మీది బిర్లా విజ్ఞానకేంద్రములో నిలిపిన కోటసారస్ అను డైనోసారు ఆ రాళ్ళనుండి వచ్చినదే. ఆ రాళ్ళలో దొరికి 2000లో వర్ణింపబడిన 'ఇండోకెలిస్' భారతదేశములోని జురాసిక్ తాబేళ్ళలో మొదటిది. కాని అది ప్రక్కమెడది కాదు. రెండు తెగలు వేరుపడకముందటి పాత కొమ్మలకు దగ్గరి వరుస. కోటసారసును చూడబోవువారు దానిని గూడ తలచుకొనవచ్చును.

లావా పొంగి, డైనోసారులు అంతరించిన ఆ మహావిపత్తులో ప్రక్కమెడ తాబేళ్ళు గూడ నశించినవని సులభముగా చెప్పివేయవచ్చును. కాని అది నిజము గాదు. మంచినీటి ప్రాణులు ఆ గండమును చాలవరకు గట్టెక్కినవి. చెరువు అడుగున కుళ్ళిన ఆకు, అలము మీద బ్రతుకువానికి ఎండ తగ్గినను కొంతకాలము తిండి దొరకును. కూర్మాడెమిస్ శాఖ మనకు మరల కనిపించదు గాని, దానితో దూరపు చుట్టరికము గల ప్రక్కమెడ తాబేళ్ళు ఎంతో తరువాత గూడ ఈ ప్రాంతములలో నుండెను. బెలూచిస్థానములోని బుగ్తి కొండలలో బ్రాంటోకెలిస్, బర్మాలో ష్వేబోఎమిస్ దొరికినవి. ఈలోగా, సుమారు 5 కోట్ల సంవత్సరముల క్రిందట, భారతదేశము ఆసియాను తాకినది. ఆసియా నదులలోని గుప్తగ్రీవములు మన నదులలో పరచుకొన్నవి. నేటి మన చెరువు తాబేళ్ళు, మెత్తపెంకువి వాటి సంతతియే. ప్రక్కమెడవి ఒక్కటియు మిగులలేదు.

మడగాస్కరులో ఒక్కటి మిగిలినది. దాని పడమటి నదులలోను, సరస్సులలోను ఎరిమ్నోకెలిస్ అను పెద్దతల తాబేలు నేటికిని జీవించుచున్నది. ఆ ద్వీపమునకే ప్రత్యేకమైన ఈ తాబేటికి దగ్గరి బంధువులు దక్షిణ అమెరికా నదులలో నున్నవి. మాంసము కొరకు పట్టుట చేతను, సరస్సుల అంచులు వరిచేలుగా మారుట చేతను అది అంతరించు ప్రమాదములో పడినది. గ్రుడ్లను, పిల్లలను కాపాడి విడిచిపెట్టు ప్రయత్నములు అక్కడ జరుగుచున్నవి. ఇచ్చట కృష్ణా గోదావరులలోని లీతు మెత్తపెంకు తాబేటి స్థితియు ఇంచుమించు అంతే: వలలు, దొంగవ్యాపారము, ఇసుక త్రవ్వకము. బొంబాయి గుట్టలో దొరికిన లీతు తాబేలు రాయి; గోదావరి ఇసుకలో గ్రుడ్లు పెట్టు లీతు తాబేలు ఇంకను ప్రాణముతో నున్నది.